తాకి చూడలేని చీర

చీరల కొట్టులో బేరమంతా గద్దె మీదే. యజమాని మడత విప్పి పరుస్తాడు. కొనేవాళ్లు కొంగు చూస్తారు, అంచు వేళ్ల మధ్య నలిపి చూస్తారు, గుమ్మం దాకా తీసుకెళ్లి వెలుతురులో రంగు తేల్చుకుంటారు. ఆన్‌లైన్ దుకాణంలో వీటిలో ఏదీ కుదరదు. పోచంపల్లి, పుట్టపాక, మంగళగిరి, ఉప్పాడ లాంటి నేత ఊళ్ల నుంచి వెబ్‌సైటో ఇన్‌స్టాగ్రామ్ పేజీయో పెట్టి చీరలమ్మే చిన్న వ్యాపారులకు అసలు చిక్కు ఇక్కడే ఉంది. ప్రకటనల సంగతి ఆ తరవాతి మాట.

పోచంపల్లి ఇక్కత్‌నే తీసుకుంటే, నూలు మగ్గం ఎక్కకముందే చిటికి కట్టి, అంటే పోగులను అక్కడక్కడా బిగించి కట్టి, రంగులద్దుతారు. రంగు దారానికే పడుతుంది కాబట్టి డిజైన్ చీరకు రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. గీతల అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. మిల్లులో అచ్చువేసిన నకలుకైతే వెనకవైపు సాధారణంగా వెలవెలబోతుంది. ఇంత తేలికైన రుజువు చేతిలో ఉండి కూడా చాలా దుకాణాలు మోడల్ కట్టుకున్న ఫొటో ఒక్కటి పెట్టి ఊరుకుంటాయి. తిరగేసిన చీర ఫొటో, అంచును దగ్గరగా తీసింది, కొంగు పూర్తిగా పరిచింది, మడతలు కదిలేటప్పుడు తీసిన పది సెకన్ల వీడియో ఉంటే గద్దె మీది పని సగం అయినట్టే. ఫొటోలు పగటి వెలుతురులో, నీడపట్టున, ఫ్లాష్ లేకుండా తీయాలి. ఫిల్టర్ పెడితే లైకులు వస్తాయి. రంగు తేడా ఉందంటూ చీరలూ తిరిగొస్తాయి. గీత చెదిరి ఉండటం లోపం కాదనీ నేత లక్షణమనీ ముందే రాసిపెడితే, కొత్తగా కొనేవారితో తరవాత తగువుండదు.

వర్ణన విషయానికొస్తే, ‘ఎక్స్‌క్లూజివ్ కలెక్షన్’ అన్న మాట కొనేవారికి ఏమీ చెప్పదు. పడుగు పట్టా నూలా, పేక ఏమిటి, పొడవెంత, బరువెంత, జాకెట్ ముక్క ఉందా, ఎలా ఉతకాలి: ఇవి చెప్పాలి. చీరకు ‘డిజైన్ నంబర్ 47’ అని పేరు పెడితే గూగుల్‌లో దాన్ని వెతికేవాళ్లుండరు. ఊరు, నేత, రంగు, రకం పేరులోనే రావాలి. ఇంగ్లిష్‌లో ఇక్కత్‌ను కొందరు ఒక ‘కె’తో, కొందరు రెండు ‘కె’లతో రాస్తారు, పేజీలో రెండూ ఉండటం మంచిది. సిల్క్ మార్క్ ఉంటే అసలు పట్టు అని అర్థం, 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్ ఉంటే చేనేత అని అర్థం. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు. ఏది ఉంటే దాని ఫొటో పెట్టాలి. అమ్మేవారే కొన్నవారిలా సమీక్షలు రాసుకోవడాన్ని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు నిషేధించాయి. దానికన్నా, కొన్నావిడ చీర కట్టుకుని పంపిన ఫొటోను ఆమె అనుమతితో పెడితే ఎక్కువ పని చేస్తుంది.

ఇక ప్రకటనల లెక్క. ఒక్కో క్లిక్కుకు 5 రూపాయలు పడుతుందనీ, 200 మంది వస్తే ఒకరు కొంటారనీ అనుకుందాం. అమ్మిన ప్రతి చీరకూ ప్రకటన ఖర్చు 1,000 రూపాయలు. చీర మీద లాభం 1,200 అయితే మిగిలేది 200. ప్యాకింగూ కొరియరూ దానికీ ఎసరు పెడతాయి. అదే 100 మందిలో ఒకరు కొంటే ఖర్చు 500కు దిగుతుంది. ప్రకటన మార్చకపోయినా, ఫొటోలూ వర్ణనా సరిచేసినందుకే ఈ తేడా రావచ్చు. పేజీ సర్దుకోకముందే ‘బూస్ట్’ నొక్కడం చిల్లికుండలో నీళ్లు పోయడం. క్యాష్ ఆన్ డెలివరీ కూడా ఈ లెక్కలోదే. తలుపు దగ్గర వద్దన్న చీరకు రానూపోనూ ఖర్చు అమ్మినవారిదే. యూపీఐలో కొంత ముందుగా తీసుకుంటే ఊరికే నొక్కి చూసే ఆర్డర్లు తగ్గుతాయి.

ఒకసారి కొన్నవారిని మళ్లీ రప్పించడానికి ప్రకటన అక్కర్లేదు. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్‌లో 500 వస్తువుల దాకా కేటలాగ్ పెట్టుకోవచ్చు. మామూలు బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికి చోటుంటుంది. అయితే దుకాణం నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. అందుకని పార్సిల్‌లో పెట్టే చీటీ మీద ఆ నంబరూ, సేవ్ చేసుకొమ్మన్న మాటా ఉండాలి. రోజూ ‘శుభోదయం’ పంపే దుకాణాన్ని మాత్రం ఎవరైనా మ్యూట్ చేస్తారు.

ఎప్పుడు చెప్పాలన్నది పంచాంగం చూసి తేల్చుకోవాల్సిన విషయం. వరలక్ష్మీ వ్రతానికి చీర శ్రావణంలో కడతారు. చూడటం, ఎంచుకోవడం ఆషాఢంలోనే మొదలవుతుంది. పడుగూ పేకా రెండింటికీ చిటికి కట్టే డబుల్ ఇక్కత్‌కు వారాల తరబడి పని ఉంటుంది కాబట్టి, మాఘమాసపు పెళ్లిళ్ల ఆర్డర్లు దీపావళి నాటికే అడగాలి. అమెరికాలోని తెలుగువారికి పంపేవారికి ఇంకో లెక్క తోడైంది. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అక్కడున్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో ఆగిపోయింది. ఆ సుంకం ఎవరు కట్టాలో చీర ధర పక్కనే రాయాలి.