కార్న్‌వాలిస్ లేని ‘కార్న్‌వాలిస్ లొంగుబాటు’

వాషింగ్టన్‌లోని క్యాపిటల్ భవనంలో, గోపురం కింద గుండ్రటి హాలు ఒకటి ఉంది. దాని గోడమీద 12 అడుగుల ఎత్తు, 18 అడుగుల వెడల్పుతో ఓ తైలవర్ణ చిత్రం కనిపిస్తుంది. పేరు ‘లార్డ్ కార్న్‌వాలిస్ లొంగుబాటు’. ఎడమవైపు ఫ్రెంచి అధికారులు, కుడివైపు అమెరికన్లు బారులు తీరి ఉంటారు. నడుమ తెల్లగుర్రం మీద అమెరికన్ జనరల్ బెంజమిన్ లింకన్. బొమ్మంతా గాలించినా కార్న్‌వాలిస్ మాత్రం దొరకడు.

1781 అక్టోబరు 19న వర్జీనియాలోని యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సైన్యం ఆయుధాలు అప్పగించింది. కార్న్‌వాలిస్ ఒంట్లో బాగాలేదని కబురంపి బయటికే రాలేదు. కత్తి ఇచ్చి తన కింది అధికారి ఒహారాను పంపాడు. ఒహారా దాన్ని అమెరికన్లకు తోడుగా పోరాడిన ఫ్రెంచి సేనాని రోషాంబోకు ఇవ్వబోతే, ఆయన అమెరికన్ సేనాని వాషింగ్టన్ వైపు చూపించాడు. కిందివాడు తెచ్చిన కత్తిని మా కిందివాడే తీసుకుంటాడని వాషింగ్టన్ లింకన్ వైపు చూపించాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో చివరి పెద్ద ఘట్టం ఇలా పంతాల మధ్య ముగిసింది.

ఈ కార్న్‌వాలిస్ మనకు కొత్తవాడేం కాదు. శాశ్వత శిస్తు పద్ధతి అనగానే పాఠ్యపుస్తకాల్లో కనిపించే గవర్నర్ జనరల్ ఇతనే. 1792లో శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ ఇద్దరు కొడుకుల్ని బందీలుగా తీసుకుంటే ఆ ఘట్టాన్ని బ్రిటిష్ చిత్రకారులు పోటీపడి వేశారు. వాటిలో కార్న్‌వాలిస్ నట్టనడుమ నిలబడి ఉంటాడు, అప్పుడు ఏ జబ్బూ లేదు మరి. అలా వేసినవాళ్లలో మాథర్ బ్రౌన్ బోస్టన్‌లో పుట్టినవాడు కావడం విచిత్రం. అప్పుడు టిప్పుతో కుదిరిన ఒప్పందంతోనే కడప ప్రాంతం నిజాం చేతికొచ్చి, 1800లో దత్తమండలంగా కంపెనీకి వెళ్లింది.

యార్క్‌టౌన్ బొమ్మ వేసిన జాన్ ట్రంబుల్ (1756–1843) ఆ యుద్ధంలో పనిచేసినవాడే. కనెక్టికట్ గవర్నరు కొడుకు. చిన్నప్పుడే ఒక కంటిచూపు పోయింది. బోస్టన్ దగ్గర బ్రిటిష్ వాళ్ల కోటగోడల నక్షా గీసి వాషింగ్టన్ మెప్పు పొందాడు, కొన్నాళ్లు ఆయన దగ్గర సహాయకుడిగా ఉన్నాడు. తర్వాత తన నియామక పత్రం మీద తేదీ సరిగా వేయలేదన్న కోపంతో 1777లో సైన్యమే వదిలేశాడు.

బొమ్మలు నేర్చుకుందామని 1780లో, యుద్ధం నడుస్తుండగానే, శత్రువు రాజధాని లండన్‌కు వెళ్లాడు. రాజద్రోహం అనుమానంతో పట్టుకుని సుమారు ఏడు నెలలు జైల్లో పెట్టారు. యుద్ధం ముగిశాక మళ్లీ అక్కడికే వెళ్లి బెంజమిన్ వెస్ట్ దగ్గర చేరాడు. వెస్ట్ పెన్సిల్వేనియాలో పుట్టినవాడు, బ్రిటన్ రాజు మూడో జార్జికి ఆస్థాన చిత్రకారుడు. అమెరికా విప్లవ చిత్రాలు ఓడిపోయిన రాజుగారి చిత్రకారుడి నీడలో మొదలయ్యాయన్నమాట. ఈ సంగతి గుర్తుంటే వాటి తీరు సులువుగా అర్థమవుతుంది.

1786లో ట్రంబుల్ వేసిన ‘బంకర్ హిల్ యుద్ధంలో జనరల్ వారెన్ మరణం’ చూడండి. బోస్టన్ పక్క గుట్ట మీద 1775 జూన్ 17న జరిగిన ఈ పోరులో గుట్ట బ్రిటిష్ వాళ్ల వశమైంది, కానీ వాళ్లలో వెయ్యిమందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు. ట్రంబుల్ ఆ పోరాటాన్ని దూరంగా రాక్స్‌బరీ నుంచి చూశాడు. బొమ్మలో జోసెఫ్ వారెన్ అనే డాక్టరు తోటివాడి ఒడిలో ఒరిగి ఉంటాడు. బ్రిటిష్ సైనికుడొకడు తుపాకీ మొనకున్న బాయ్‌నెట్‌తో పొడవబోతుంటే, బ్రిటిష్ మేజర్ జాన్ స్మాల్ తుపాకీ గొట్టం పట్టుకుని ఆపుతుంటాడు. వెనక మరో బ్రిటిష్ అధికారి పిట్‌కెర్న్ కూలిపోతున్నాడు. కుడి అంచున తెల్లజాతి లెఫ్టినెంట్ వెనక, తుపాకీతో ఓ నల్లజాతి మనిషి సగం దాగి ఉంటాడు. అతనెవరన్నది చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

నిజానికి వారెన్ తలకు గుండు తగిలి అక్కడికక్కడే చనిపోయాడు. నెలల తర్వాత తవ్వి తీసిన శవాన్ని, పాల్ రెవియర్ అనే వెండిపనివాడు కట్టిన పెట్టుడు పన్ను చూసి గుర్తుపట్టారు. బాణం తగిలాక కూడా రెండు పద్యాలు పాడి కన్నుమూసే మన నాటకాల వీరుడిలా, ట్రంబుల్ అతనికి కాస్త వ్యవధి ఇచ్చాడు.

శత్రువు అధికారి స్మాల్‌కు అంత పెద్దమనసు ఎందుకిచ్చాడు? వెలకట్టేది లండన్ బజారు కాబట్టి అనుకోవాలి. ఆ రోజుల్లో చిత్రకారుడికి డబ్బు అసలు బొమ్మ మీద కాదు, దాన్ని రాగిరేకు మీద చెక్కించి అచ్చువేసిన ప్రతులమీద వచ్చేది. వాటికి ముందే చందాలు కట్టించుకునేవారు. బ్రిటిష్ వాళ్లను రాక్షసుల్లా చూపిస్తే లండన్‌లో చందా కట్టేదెవరు? అయినా రాగిరేకు చెక్కే పనికి చివరికి జర్మనీ మనిషే దొరికాడు. అచ్చు 1798 దాకా బయటికి రాలేదు. అప్పటికి జనానికి ఆ వేడి చల్లారింది.

ట్రంబుల్ వేసిన ప్రిన్స్‌టన్ యుద్ధం బొమ్మలో పడిపోయిన తెల్లగుర్రం పక్కన అమెరికన్ జనరల్ మెర్సర్ బాయ్‌నెట్ల మధ్య చిక్కుకుని ఉంటాడు. మెర్సర్ అప్పటికే చనిపోయాడు కాబట్టి ఆయన కొడుకును కూర్చోబెట్టి ఆ ముఖం వేశాడు. బతికున్నవాళ్ల విషయంలో మాత్రం ట్రంబుల్ మహా పట్టుదల మనిషి. యార్క్‌టౌన్ బొమ్మ కోసం 1787లో పారిస్ వెళ్లి, అక్కడ అమెరికా రాయబారిగా ఉన్న జెఫర్సన్ ఇంట్లో ఫ్రెంచి అధికారుల్ని ఒక్కొక్కరినే ఎదుట కూర్చోబెట్టుకుని గీశాడు. ముఖాలు నిజం, సంఘటన సగం కల్పన. అదే అతని పద్ధతి.

1817లో అమెరికా కాంగ్రెస్ క్యాపిటల్ కోసం అతనికి నాలుగు పెద్ద చిత్రాలు పురమాయించింది, మొత్తం 32,000 డాలర్లకు. రెండు లొంగుబాట్లు, స్వాతంత్ర్య ప్రకటన, వాషింగ్టన్ సేనాని పదవి వదులుకోవడం. తుపాకీ పొగ కనిపించే బొమ్మ ఒక్కటీ లేదు. 1826లో గోడకెక్కిన ఆ నిలువెత్తు బొమ్మల్లో చిన్న యుద్ధచిత్రాల్లోని చురుకు కనిపించదు. ట్రంబుల్ చేతి పనితనం చూడాలంటే యేల్ విశ్వవిద్యాలయానికి వెళ్లాలి. ఏడాదికి వెయ్యి డాలర్ల భృతి ఇచ్చే షరతుమీద 1831లో తన బొమ్మలు యేల్‌కు రాసిచ్చాడు. తనను వాటి కిందే పాతిపెట్టమన్నాడు, అలాగే చేశారు.

ఇన్ని వేసినా జనం మనసులో నిలిచిన బొమ్మ ట్రంబుల్‌ది కాదు. జర్మనీలో పుట్టి అమెరికాలో పెరిగిన ఇమాన్యుయల్ లూట్సా 1851లో వేసిన ‘డెలావేర్ నది దాటుతున్న వాషింగ్టన్’ది ఆ పేరు. 1776 క్రిస్మస్ రాత్రి సుమారు 2,400 మందితో వాషింగ్టన్ మంచుగడ్డలు తేలే నది దాటి, తెల్లారి ట్రెంటన్‌లో బ్రిటన్ తరఫున ఉన్న జర్మన్ కిరాయి సైనికుల మీద పడ్డాడు. లూట్సా ఆ బొమ్మను జర్మనీలోనే వేశాడు. 1848 తిరుగుబాట్లు ఓడి నీరుగారిన యూరప్ ప్రజలకు ధైర్యం చెప్పాలని అతని ఉద్దేశం. మొదటి ప్రతి 1942లో బ్రిటిష్ విమానాల బాంబులకు బ్రెమెన్‌లో కాలిపోయింది. రెండోది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది, ఇరవై ఒక్క అడుగుల వెడల్పున.

దాంట్లో తప్పులు పట్టడం ఓ కాలక్షేపం. పడవలో కనిపించే నక్షత్రాల జెండా 1777 జూన్‌లో గానీ పుట్టలేదు. పడవ మరీ చిన్నది. రాత్రి జరిగింది తెల్లవారుజాములా ఉంది. పడవలో నిలబడతాడా అని వాషింగ్టన్‌నీ ఎగతాళి చేస్తారు గానీ అదొక్కటే అన్యాయం. వాళ్లు వాడిన డరం పడవలు ఇనుము మోసే సరుకు పడవలు. నలభై నుంచి అరవై అడుగుల పొడవు, కూర్చోవడానికి బల్లలు లేవు. ఎక్కువమంది నిలబడే దాటి ఉంటారు.

న్యూజెర్సీలోని ప్రిన్స్‌టన్, ఎడిసన్ చుట్టుపక్కల ఇప్పుడు వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్లకు వాషింగ్టన్ నది దాటిన రేవు కారులో కొద్దిదూరమే. ఏటా క్రిస్మస్‌నాడు అక్కడ పాతకాలపు దుస్తుల్లో, డరం పడవల నమూనాల్లో నది దాటే కార్యక్రమం జరుగుతుంది. నీటి ఉధృతి ఎక్కువున్న ఏడాది పడవలు ఒడ్డునే ఉంటాయి, ఉపన్యాసాలు మాత్రం ఆగవు.