వడపోత లేని నేల

నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలను మీరు చూశారా? అక్కడ కొండ లేదు. చదునైన పొలాల మధ్య బావుల్లాంటి మూడు గోతులు కనిపిస్తాయి. మధ్య గోతిలోంచి దిగితే, ఆ నేల కిందే 3 కిలోమీటర్లకు పైగా సాగే గుహలు. అన్నిటికంటే లోతైన చోటు పాతాళగంగ. అక్కడ సన్నని నీటిపాయ పారి లోతుల్లో మాయమవుతుంది. పైన సేద్యం, కింద నీరు. ఈ రెండింటికీ ఉన్న సంబంధమేమిటో చూద్దాం.

వాననీరు గాలిలోని, అంతకంటే ఎక్కువగా మట్టిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను కరిగించుకొని బలహీనమైన కార్బోనిక్ ఆమ్లంగా మారుతుంది. సున్నపురాయిలోని కాల్షియం కార్బొనేట్ ఈ ఆమ్లంతో కలిసి కాల్షియం బైకార్బొనేట్‌గా మారి నీటిలో కరిగిపోతుంది. అలా వెంట్రుకవాసి పగుళ్ళు వేల, లక్షల సంవత్సరాలలో గొట్టాలవుతాయి, సొరంగాలవుతాయి. ఇలాంటి భూములను 'కార్స్ట్' భూములంటారు. స్లొవేనియా, ఇటలీ సరిహద్దులోని ఒక పీఠభూమి పేరు నుంచి ఈ మాట వచ్చింది.

జంషెడ్‌పూర్ వంటి చోట నేల కింద ఉన్నవి ఎక్కువగా గట్టి స్ఫటిక శిలలు. వాన నీరు పైమట్టిలోంచి, శిథిలమైన రాతి పొరలోంచి మెల్లగా ఇంకుతుంది. ఆ దారిలో సూక్ష్మజీవులు చాలావరకు ఆగిపోతాయి. కార్స్ట్ నేలలో ఈ వడపోత ఉండదు. 1877లో జర్మనీలో డాన్యూబ్ నది నీరు ఇంకిపోయే చోట ఫ్లోరెసిన్ అనే రంగు కలిపారు. సుమారు 60 గంటల తరువాత, 12 కిలోమీటర్ల దూరంలోని ఆఖ్ ఊటలో ఆకుపచ్చని నీరు పైకి వచ్చింది!

రంగు వెళ్ళిన దారినే ఎరువూ వెళుతుంది. పొలంలో చల్లిన యూరియాను మట్టిలోని బాక్టీరియా చివరకు నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్‌కు ఋణావేశం ఉంటుంది. బంకమట్టి రేణువులదీ ఋణావేశమే కనుక అవి దాన్ని పట్టి ఉంచలేవు. వేళ్ళు పీల్చుకోగా మిగిలింది వాననీటితో దిగిపోతుంది. తాగే నీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణం. మించితే పోతపాలు తాగే పసిపిల్లలకు ముప్పు. వారి రక్తం ఆక్సిజన్‌ను మోయలేక ఒళ్ళు నీలంగా మారవచ్చు. నీటిని మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి కాని నైట్రేట్ పోదు. పైగా నీరు ఆవిరై అది మరింత చిక్కబడుతుంది. ఈ ఒక్క సంగతి మీ ఇంట్లో తప్పక చెప్పండి.

పశువుల ఎరువు సంగతీ ఇంతే. 2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్ పట్టణంలో భారీ వానలు కురిశాయి. దగ్గరి పొలంలోని పశువుల ఎరువు నుంచి ఇ.కోలై బాక్టీరియా పగుళ్ళున్న రాతిపొరలోని ఒక బావికి చేరింది. నీటికి తగినంత క్లోరిన్ కలపలేదు. ఏడుగురు చనిపోయారు, రెండు వేల మందికి పైగా జబ్బుపడ్డారు. విచారణలో ఆ రైతు తప్పేమీ లేదని తేలింది. మామూలు నేలలో చెల్లిన పద్ధతి అక్కడ చెల్లలేదు, అంతే.

అలాగని సేద్యం మానాలా? అక్కరలేదు. యూరియాను ఒకేసారి కాక పైరు అవసరాన్ని బట్టి విడతలుగా వేయాలి. భారీ వాన ముందు వేయరాదు. నీటిలో కలిసిపోయిన నత్రజని రైతు డబ్బే కదా! గోతుల చుట్టూ కొంత మేర గడ్డి వదిలేస్తే అది కొంతైనా వడపోస్తుంది. పురుగుమందు డబ్బాలను, చెత్తను గోతుల్లో వేయరాదు. బెలుం బిలాల్లోనే ఒకప్పుడు చుట్టుపక్కలవారు చెత్త పారవేసేవారు.

మీది సున్నపురాయి నేలయితే, తొలి భారీ వాన తరువాత మీ బావి నీరు మురికిగా మారుతుందేమో గమనించండి. మారితే, పొలానికీ బావికీ మధ్య వడపోత సరిగా లేదని అనుమానించాలి. ఆ నీటిని పరీక్షకు పంపండి. తేటగా ఉన్నంత మాత్రాన మంచిదనీ అనుకోకండి. నైట్రేట్‌కు రంగూ లేదు, వాసనా లేదు.