రెండు సూదుల ప్రయాణం

ముల్లును ముల్లుతోనే తీయాలన్నది పెద్దల మాట. చేనిగట్టున కాలిలో ముల్లు దిగినవానికి మరొక ముల్లే వైద్యుడవుతుంది. కాని ముల్లు విరగని చోట, పుండు లేని చోట, కేవలం నొప్పిని తగ్గించడానికే సూది గుచ్చే వైద్యం ఒకటి ఉన్నదంటే సబ్బవరం పరిసరాలలోని రైతుకూలీ వింతపడక మానడు. నాట్ల కాలంలో దినమంతా నడుము వంచి పనిచేసే ఆడవారికి నొప్పి కొత్త కాదు. నూనె రాయడం, కాపడం పెట్టడం, అప్పటికీ తగ్గకపోతే ఎవరో చెప్పిన వైద్యుని వెదుకుకొంటూ పోవడం వారు ఎరిగిన దారులు. ఆ దారులలో నేడు చీనా సూదివైద్యం కూడా ఒకటి. దానినే ఆక్యుపంక్చర్ అంటున్నారు. అది ఎంతవరకు నమ్మదగినది? సర్వరోగ నివారిణి అనేవారి మాట నిజమా, వట్టి భ్రమ అనేవారి మాట నిజమా?

ఈ ప్రశ్నకు సమాధానం వెదికే ముందు రెండు దేశాల మధ్య జరిగిన ఒక పాత రాకపోకను స్మరించడం అవసరం. సబ్బవరం నుండి అనకాపల్లి చేరి, అక్కడికి సమీపంలోని శంకరం గ్రామానికి వెళ్తే బొజ్జన్నకొండ కనబడుతుంది. ఆ కొండను తొలిచిన గుహలు, దానిపై నిలిచిన స్తూపశిథిలాలు ఒకనాటి బౌద్ధ భిక్షువుల నివాసాన్ని చాటుతున్నాయి. ఆంధ్రదేశమంతటా ఇటువంటి ఆరామాలు వెలసిన శతాబ్దాలలోనే బౌద్ధం ఎడారులు దాటి, సముద్రాలు దాటి చీనాకు చేరింది. 7వ శతాబ్దిలో హ్యుయాన్‌త్సాంగ్ ధాన్యకటకానికి వచ్చి ఇక్కడి పండితుల వద్ద శాస్త్రాభ్యాసం చేశాడు. ధర్మం నడచిన దారినే వైద్యమూ నడచింది.

అలా మన దేశం నుండి చీనాకు వెళ్లినది మొదటి సూది. కంటిపాపకు అడ్డుగా నిలిచిన శుక్లాన్ని సన్నని శలాకతో లోపలికి నెట్టి చూపు తెప్పించే విధానాన్ని సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం వర్ణించింది. ఈ నేత్రచికిత్స బౌద్ధుల వెంట చీనాకు చేరి, అక్కడ నాగార్జున బోధిసత్త్వుని పేరిట ఒక నేత్రవైద్య గ్రంథంగా కూడా వెలసింది. ఏ ఆచార్యుని పేరు నాగార్జునకొండ రూపంలో తెలుగునేలపై నిలిచి ఉన్నదో, ఆ పేరే చీనా కంటివైద్యులకు ప్రమాణమైంది. టాంగ్ యుగపు మహాకవి బై జూయీ (772–846) చూపు మందగించిన బాధతో వ్రాసిన కవితలో ఈ గ్రంథాన్ని ప్రస్తావించాడు.

రెండవ సూది చీనా సొంతం. అది ఎంత ప్రాచీనమో భూగర్భమే సాక్ష్యమిచ్చింది. క్రీ.పూ. 113లో మరణించిన లియు షెంగ్ అనే రాజకుమారుని సమాధిని 1968లో తవ్వినప్పుడు వైద్యానికి వాడినవని భావించే బంగారు, వెండి సూదులు లభించాయి. క్రీస్తుకు పూర్వపు చివరి శతాబ్దాలలో రూపొందిన 'హువాంగ్‌ది నైజింగ్' ఈ వైద్యానికి మూలగ్రంథం. పీతచక్రవర్తికి ఆయన మంత్రికి మధ్య జరిగిన సంభాషణగా సాగే ఆ గ్రంథం, గురుశిష్య సంవాదాలకు అలవాటుపడిన మన చదువరులకు పరాయిదిగా తోచదు.

ఈ వైద్యం వెనుక ఉన్న తత్త్వం ఇది. దేహంలో 'చి' అనే ప్రాణశక్తి నిరంతరం ప్రవహిస్తూ ఉంటుంది. దాని ప్రవాహానికి 12 ప్రధాన మార్గాలున్నాయి. యిన్, యాంగ్ అనే రెండు ధర్మాల సమతూకమే ఆరోగ్యం. ఆ మాటలకు మొదటి అర్థాలు కొండకు నీడపట్టు, ఎండపట్టు. పొద్దు తిరిగేకొద్దీ ఎండ ఉన్నచోట నీడ, నీడ ఉన్నచోట ఎండ వచ్చినట్లే దేహంలోనూ ఇవి ఒకదానినొకటి సరిదిద్దుకొంటూ ఉండాలి. వాత పిత్త కఫాల సామ్యమే ఆరోగ్యమన్న మన ఆయుర్వేదానికి ఇది దూరపు చుట్టం. కాలువలో పూడిక పడితే చేనికి నీరందనట్లు, ప్రవాహానికి అడ్డు తగిలితే రోగం పుడుతుందని, తగిన చోట సూది గుచ్చితే ఆ అడ్డు తొలగుతుందని చీనా వైద్యుల విశ్వాసం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణికంగా పేర్కొన్న బిందువులు 361.

బిందువును గుర్తించే కొలత కూడా ముచ్చటైనది. రోగి సొంత బొటనవ్రేలి వెడల్పే అక్కడ కొలమానం. ఆయుర్వేదంలోనూ ఎవరి అంగుళంతో వారి దేహాన్నే కొలుస్తారు. కనుక పసివానికైనా, ఆజానుబాహువుకైనా లెక్క తప్పదు. మణికట్టుకు లోపలివైపున, రోగి మూడు వ్రేళ్ల వెడల్పు పైన ఉన్న బిందువు 'నైగువాన్'. వాంతిని, వికారాన్ని అణచడానికి దానిని ఎన్నుకొంటారు. బొటనవ్రేలికి, చూపుడువ్రేలికి మధ్య ఉన్నది 'హెగు'. తలనొప్పికి, పంటినొప్పికి అది ప్రసిద్ధం.

సూది వెంట్రుకను తలపించేటంత సన్నగా ఉంటుంది. దానిలో మందు ఉండదు. గుచ్చిన తరువాత రోగికి ఆ చోట బరువుగానో, తిమ్మిరిగానో అనిపించాలని వైద్యుడు కోరుకొంటాడు. సూదులను ఇరవై ముప్పై నిమిషాలు అలాగే ఉంచి తీసివేస్తాడు. కొన్నిచోట్ల సూదికి తోడు ఒక ఎండుటాకును నలిపి, రాజబెట్టి వెచ్చదనం ఇస్తారు. ఆ మొక్క వినాయకచవితి పత్రిలో మనం వాడే మాచిపత్రి జాతికి చెందినదే.

చీనాలో ఈ విద్యకు పరీక్షలు కూడా ఉండేవి. 1027లో వాంగ్ వెయియీ అనే వైద్యుని పర్యవేక్షణలో బిందువుల చోట రంధ్రాలు గల కంచు మనుష్యవిగ్రహాలను పోతపోశారు. విగ్రహానికి పైన మైనం పూసి, లోపల ద్రవం నింపి, విద్యార్థిచేత సూది గుచ్చించేవారట. సరియైన చోట గుచ్చితే ద్రవం బయటికి వచ్చేది. ఇంత శ్రద్ధతో బోధించిన విద్యను 1822లో చక్రవర్తి ఆజ్ఞతో రాజవైద్యశాల నుండి బహిష్కరించారు. మళ్లీ 1950ల దశకంలో చీనా ప్రభుత్వం దానికి ఆస్పత్రులలో స్థానం కల్పించింది.

అది మన దేశానికి వచ్చిన కథలో త్యాగం కూడా ఉన్నది. 1938లో జపాను దండయాత్రతో నలిగిపోతున్న చీనాకు భారత జాతీయ కాంగ్రెసు ఐదుగురు వైద్యులను పంపింది. వారిలో ఒకరు డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్. తెలుగు పద్మశాలీలు తరతరాలుగా మగ్గం నేసిన షోలాపురమే ఆయన జన్మస్థలం. గాయపడిన సైనికులకు రేయింబవళ్లు శస్త్రచికిత్సలు చేస్తూ, 1942 డిసెంబరులో, 32 ఏళ్ల ప్రాయంలో ఆయన అక్కడే కన్నుమూశారు. ఆయన సహచరుడు డాక్టర్ బిజయ్ కుమార్ బసు స్వదేశానికి తిరిగివచ్చి, తరువాత మళ్లీ చీనా వెళ్లి సూదివైద్యం నేర్చుకొని, 1959లో కలకత్తాలో దానిని ప్రారంభించారు. 2019లో భారత ప్రభుత్వం దీనిని ఒక చికిత్సా విధానంగా గుర్తించింది.

ఇక పరీక్ష మాట. గుర్తింపు వేరు, ఋజువు వేరు. జర్మనీలో జరిగి 2007లో వెలువడిన ఒక పరిశోధనలో దీర్ఘకాలపు నడుము నొప్పితో బాధపడే 1162 మందిని మూడు వర్గాలు చేశారు. మొదటి వర్గానికి శాస్త్రోక్తమైన బిందువులలో సూదులు గుచ్చారు. రెండవ వర్గానికి బిందువులు కాని చోట్ల పైపైన గుచ్చారు. మూడవ వర్గానికి మందులు, వ్యాయామం వంటి వాడుక చికిత్సలు ఇచ్చారు. ఆరు నెలల తరువాత మేలు కనబడినవారు మొదటి వర్గంలో నూటికి 47.6, రెండవ దానిలో 44.2, మూడవ దానిలో 27.4.

ఈ మూడు అంకెలను ఉపాధ్యాయులు నల్లబల్లపై వ్రాసి విద్యార్థులను ఆలోచింపజేయవచ్చు. సూదివైద్యం పొందినవారికి ఉపశమనం కలిగిన మాట నిజం. కాని సూది చెప్పిన చోట దిగినా, మరొక చోట దిగినా ఫలితంలో పెద్ద భేదం కనబడలేదు. అంటే ఉపశమనంలో గుచ్చడం వలన నరాలకు కలిగే ప్రేరణకు, వైద్యుని ఆదరణకు, రోగి నమ్మకానికి పాలు ఉండి ఉండవచ్చు. 'చి' ప్రవహించే మార్గాలకు మాత్రం ఇందులో ఋజువు దొరకలేదు. శస్త్రచికిత్స తరువాత కలిగే వికారాన్ని నైగువాన్ బిందువు తగ్గిస్తుందనడానికి మంచి ఆధారాలే ఉన్నాయి. క్షయను, మధుమేహాన్ని, క్యాన్సరును సూది కుదురుస్తుందనడానికి ఆధారం లేదు. ఆ మాట నమ్మి మందులు మానినవారికి ప్రాణాపాయం. ఒకరికి వాడిన సూదిని మరొకరికి వాడితే కామెర్ల రోగపు క్రిములు సంక్రమించే ప్రమాదమూ ఉన్నది.

మన నుండి చీనాకు వెళ్లిన మొదటి సూదికి ఏమి జరిగింది? శుక్లాన్ని కంటిలోపలికి నెట్టివేయడం కంటె దానిని తీసివేయడం మేలని 18వ శతాబ్దిలో తేలింది. నేడు తీసిన చోట కృత్రిమ కటకాన్ని అమర్చుతున్నారు. నెట్టే శలాక పక్కకు తప్పుకొన్నది. అందువలన సుశ్రుతుని గౌరవం వీసమైనా తగ్గలేదు. ఆ కాలానికి ఆయన చూపించిన వెలుగు అది. రెండవ సూదికీ ఇదే తూకం వర్తిస్తుంది. ప్రాచీనమని తలకెత్తుకోనక్కరలేదు, పరదేశానిదని తోసివేయనక్కరలేదు.

నడుము పట్టుకొని ఇంటికి వచ్చిన తల్లి, బడి నుండి వచ్చిన కొడుకును, "నాయనా, ఆ సూదులు పొడిపించుకుంటే తగ్గుతాదా?" అని అడగవచ్చు. "కొంత తగ్గవచ్చునమ్మా. ముందు డాక్టరుగారికి చూపించి నొప్పి ఎందుకొచ్చిందో తెలుసుకుందాం. వేసుకొనే మందులు మానవద్దు. సూది కొత్తదేనా అని అడిగి మరీ పొడిపించుకో" అని ఆ పిల్లవాడు చెప్పగలిగితే, బడిలో నేర్చిన చదువు ఇంటికి అక్కరకు వచ్చినట్లే.