మోర్స్ సంకేత అభ్యసనం: శ్రవణ పద్ధతి – ఛందోగణాలతో సామ్యభేదాలు

వ్యాస సంగ్రహం

హామ్ రేడియో కోసం మోర్స్ సంకేతాలను నేర్చుకొనేవారిలో చాలామంది చుక్కలు, గీతల పట్టికను కంఠస్థం చేయడంతో మొదలుపెడతారు. కొంత వేగం వచ్చాక వారి ప్రగతి నిలిచిపోతుంది. సంకేతాన్ని చెవితో కాక కంటితో నేర్చుకోవడమే దీనికి ముఖ్య కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సంకేతంలోని కాలమానం, తెలుగు ఛందోగణాలతో దానికి గల పోలికలు, భేదాలు, అభ్యసనంపై జరిగిన పరిశోధనలు, అనుసరించదగిన సాధనాక్రమం ఇందులోని చర్చనీయాంశాలు.

కీలక పదాలు: మోర్స్ సంకేతం, హామ్ రేడియో, గురులఘువులు, గణాలు, శ్రవణాభ్యాసం, అభ్యసన పీఠభూమి.

1. ఉపోద్ఘాతం

శామ్యూల్ మోర్స్ 1844 మే 24న వాషింగ్టన్ నుండి బాల్టిమోర్‌కు తంతి సందేశం పంపాడు. నేడు వాడుకలో ఉన్న అంతర్జాతీయ సంకేతానికి జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ గెర్కె 1848లో చేసిన మార్పులు ఆధారం. భారతదేశంలో తంతి సేవ 2013 జూలైలో ముగిసింది. అంతకు ముందే, 2003లో జరిగిన ప్రపంచ రేడియో సమాచార సదస్సు 30 మెగాహెర్ట్జ్‌కు దిగువన ప్రసారం చేసే హామ్‌లకు మోర్స్ పరిజ్ఞానం తప్పనిసరి అన్న అంతర్జాతీయ నిబంధనను తొలగించి, నిర్ణయాన్ని ఆయా దేశాలకు వదిలివేసింది.

అయినా హామ్‌లు, అంటే లాభాపేక్ష లేకుండా రేడియో ప్రసారం చేసే ఔత్సాహికులు, ఈ సంకేతాన్ని విడిచిపెట్టలేదు. మాటను పంపడానికి సుమారు 2,500 హెర్ట్జ్ వెడల్పు గల తరంగమార్గం కావాలి. మోర్స్‌కు 150 హెర్ట్జ్ సరిపోతుంది. శక్తి అంత సన్నని మార్గంలో కేంద్రీకృతం కావడం వల్ల, మాట వినిపించని గందరగోళంలో కూడా మోర్స్ నాదాన్ని చెవి పట్టుకోగలదు. కొద్దిపాటి విడిభాగాలతో ఇంట్లో చేసుకొన్న, 5 వాట్ల లోపు శక్తి గల ప్రసారిణితో సైతం ఖండాంతర సంభాషణ సాధ్యమవుతుంది. అయితే ఈ ప్రయోజనం అందుకోవాలంటే వినే నైపుణ్యం అలవడాలి. ఎక్కువమంది వెనుదిరిగేది ఇక్కడే.

2. సంకేతంలోని కాలమానం

మోర్స్‌లో హ్రస్వనాదాన్ని ‘డిట్’ అని, దీర్ఘనాదాన్ని ‘డా’ అని అంటారు. డిట్ ఒక మాత్ర అనుకొంటే డా మూడు మాత్రలు. ఒకే అక్షరంలోని నాదాల మధ్య ఒక మాత్ర, అక్షరాల మధ్య మూడు మాత్రలు, పదాల మధ్య ఏడు మాత్రలు మౌనం ఉండాలి. వేగాన్ని లెక్కించడానికి ‘పారిస్’ అనే ఐదక్షరాల ఆంగ్ల పదం ప్రమాణం. చివరి విరామంతో కలిపి దాని నిడివి 50 మాత్రలు.

ఈ లెక్కన నిమిషానికి 20 పదాల వేగంలో ఒక డిట్ నిడివి 0.06 సెకను మాత్రమే. సగటున ఒక్కో అక్షరానికి దక్కే సమయం దాదాపు 0.6 సెకను. వినడం, చుక్కలు లెక్కించడం, మనసులోని పట్టికలో వెదకడం, అక్షరాన్ని రాయడం అనే నాలుగు పనులు ఆ వ్యవధిలో ఇమడవు. కనుక లెక్కింపుపై ఆధారపడిన అభ్యాసం తన పరిమితిని తానే నిర్ణయించుకొంటుంది.

3. ఛందోగణాలతో సామ్యం

మోర్స్ నిర్మాణం తెలుగు విద్యార్థికి పూర్తిగా కొత్తది కాదు. డిట్‌ను లఘువుగా, డాను గురువుగా భావిస్తే ఒంటి లఘువు ఆంగ్లాక్షరం ‘ఇ’, ఒంటి గురువు ‘టి’ అవుతాయి. రెండేసి నాదాలు గల నాలుగు అక్షరాల్లో గగం ‘ఎమ్’, లగం ‘ఎ’, గలం ‘ఎన్’, లలం ‘ఐ’. మూడేసి నాదాలు గల అక్షరాలు సరిగ్గా ఎనిమిది. అవి అష్టగణాలతో ఒక్కటి కూడా మిగలకుండా సరిపోతాయి:

మగణం – – – : ఓ
భగణం – · · : డి
జగణం · – · : ఆర్
సగణం · · – : యు
నగణం · · · : ఎస్
యగణం · – – : డబ్ల్యు
రగణం – · – : కె
తగణం – – · : జి

ఇంద్రగణాలలోని నల, నగ, సల గణాలు వరుసగా ‘హెచ్’, ‘వి’, ‘ఎఫ్’ అక్షరాలు. భారతీయ హామ్‌ల పిలుపు గుర్తులు సాధారణంగా ‘వి.యు.’తో మొదలవుతాయి. అంటే నగం తరువాత సగణం వస్తుందన్నమాట.

రెండు విధాలైన నాదాలను రెండేసి, మూడేసిగా పేర్చితే ఏర్పడగల అమరికలు గణితరీత్యా నాలుగు, ఎనిమిది. ఛందస్సు, మోర్స్ ఆ అమరికలన్నింటినీ వాడుకొన్నాయి. అందువల్లనే ఈ సామ్యం కనిపిస్తున్నది. ఇది ఒకదానిపై మరొకదాని ప్రభావం కాదు.

భేదాలు కూడా గమనార్హం. ఛందస్సులో గురువు రెండు మాత్రలు, మోర్స్‌లో డా మూడు మాత్రలు. అంతకంటే ముఖ్యమైనది మౌనం. పద్యంలో గణానికీ గణానికీ మధ్య కొలిచిన విరామం ఉండదు. మోర్స్‌లో ఆ విరామమే అక్షరాన్ని నిర్ణయిస్తుంది. లగం, గలం మధ్య మూడు మాత్రల విరామం ఉంటే ‘ఎ’, ‘ఎన్’ అనే రెండు అక్షరాలు వినిపిస్తాయి. అది ఒక మాత్రకు తగ్గితే ఆ నాదాలే ‘పి’ అనే ఒక్క అక్షరంగా మారిపోతాయి.

గణాల పోలిక నిర్మాణాన్ని అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుందే గాని, వినేటప్పుడు ఊతగా పనికిరాదు. ‘జగణం, కాబట్టి ఆర్’ అనుకోవడం పట్టికలో వెదకడానికి మరో రూపం. గణవిభజన తెలిసినవారు కూడా పద్యం వింటున్నప్పుడు గురులఘువులు లెక్కపెట్టరు. నడకను బట్టి ఉత్పలమాలను గుర్తిస్తారు. మోర్స్ అభ్యాసకుడు సాధించవలసినది ఆ నడక ఎరుకనే.

4. అభ్యసనంపై పరిశోధనలు

అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం బ్రయాన్, నోబుల్ హార్టర్ తంతి ఉద్యోగుల నైపుణ్యంపై 1897, 1899 సంవత్సరాల్లో ప్రచురించిన అధ్యయనాలు మనోవిజ్ఞానంలో ప్రసిద్ధాలు. పంపే వేగం క్రమంగా పెరుగుతుండగా, స్వీకరించే వేగం ఒక దశలో చాలాకాలం నిలిచిపోయి తరువాత మళ్లీ పెరగడాన్ని వారు గమనించారు. ఆ సమతల దశకు ‘పీఠభూమి’ అని పేరు వచ్చింది. అభ్యాసకుడు మొదట అక్షరాలను, తరువాత పదాలను, పిమ్మట పదబంధాలను ఏకాంశాలుగా గ్రహిస్తాడని, పై మెట్టు అలవాటు రూపుకట్టే వరకు వేగం పెరగదని వారు వివరించారు.

ఈ పీఠభూమి అనివార్యమా? 1958లో ఫ్రెడ్ కెల్లర్ దాని సార్వత్రికతను ప్రశ్నించాడు. అంతకు ముందే 1930ల దశకంలో జర్మనీ పరిశోధకుడు లుడ్విగ్ కోఖ్ మరో మార్గం చూపాడు. అన్ని అక్షరాలనూ నెమ్మదిగా నేర్చి వేగం పెంచడానికి బదులు, రెండే అక్షరాలను పూర్తి వేగంతో వినడం ఆయన పద్ధతి. నూటికి తొంభై సరిగా గుర్తించగలిగిన తరువాతే మూడో అక్షరం చేరుతుంది. ఈ క్రమంలో వేగం మొదటి నుండి స్థిరంగా ఉంటుంది, అక్షరాల సంఖ్య మాత్రమే పెరుగుతుంది.

5. సాధనాక్రమం

పై పరిశీలనల ఆధారంగా ఈ క్రమాన్ని సూచించవచ్చు.

మొదటిది, అక్షరనాదం నిమిషానికి 20 పదాల వేగంలోనే ఉండాలి. కొత్తవారికి వ్యవధి కావాలంటే అక్షరాల మధ్య మౌనాన్ని పెంచాలి గాని అక్షరాన్ని సాగదీయరాదు. ఇది ఫార్న్స్‌వర్త్ పేరుతో ప్రసిద్ధమైన విధానం. సాగదీసిన అక్షరానికి నడక మారుతుంది, తరువాత దాన్ని మళ్లీ కొత్తగా నేర్చుకోవలసి వస్తుంది.

రెండవది, రోజూ పావుగంట చొప్పున రెండుసార్లు చేసే సాధన వారానికొకసారి చేసే సుదీర్ఘ సాధన కంటే మేలు.

మూడవది, తప్పిపోయిన అక్షరాన్ని వెంటనే విడిచిపెట్టాలి. దానికోసం ఆలోచిస్తే తరువాతి రెండు మూడు అక్షరాలు కూడా పోతాయి.

నాలుగవది, అక్షరాలు పట్టుబడ్డాక ‘సి.క్యూ.’ వంటి పిలుపును, ‘73’ వంటి శుభాకాంక్షను ఒక్కొక్క నాదచిత్రంగా వినడం అలవరచుకోవాలి. క్రమంగా కాగితం లేకుండా గ్రహించడం సాధ్యమవుతుంది.

ఐదవది, చెవికి సరైన నడక పట్టుబడిన తరువాతే కీ మీద చేయి వేయాలి. లేకుంటే చేతి తప్పును సరిదిద్దవలసిన చెవి ఆ తప్పునే ఒప్పుగా స్వీకరిస్తుంది.

6. ముగింపు

మోర్స్ సంకేతం రాతకు ప్రత్యామ్నాయం కాదు, విని గ్రహించవలసిన నాదరూపం. దాన్ని పట్టికగా బోధించినప్పుడు అభ్యాసకుడు పరీక్ష గట్టెక్కవచ్చు గాని, నిజమైన సంభాషణలో నిలదొక్కుకోలేడు. తనకు శక్తి లేదని భావించి కీని పక్కన పెట్టేవారిలో చాలామందికి లోపించినది శక్తి కాదు, పద్ధతి. కనుక శిక్షణ తొలిరోజున పట్టికకు బదులు రెండు అక్షరాల నాదాన్ని వినిపించడం సముచితం. హామ్ సంప్రదాయంలో ‘క్యూ.ఆర్.ఎస్.’ అంటే నెమ్మదిగా పంపమన్న అభ్యర్థన. అది అందుకొన్న అనుభవజ్ఞుడు అవతలి వ్యక్తి వేగానికి దిగి రావడం ఇక్కడి మర్యాద. కొత్త అభ్యాసకుడు తప్పులకు వెరవకుండా ప్రసారంలో అడుగుపెట్టడానికి ఆ మర్యాదే తోడ్పడుతుంది.