బాలింతలు చెప్పుకోని బాధ

బళ్లారి, సిరుగుప్ప, కంప్లి వైపు ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం మాట్లాడుకునే అక్కచెల్లెళ్లతో ఈ వేళ నాలుగు మాటలు చెప్పుకోవాలని వచ్చాను. మగవారు రేడియో కట్టేయనక్కరలేదు. అత్తగార్లు కూడా కాస్త దగ్గరకు వచ్చి కూర్చోండి. ఇది మీ ఇంటి కోడలి సంగతే.

మిరపకాయలకు తొడిమెలు తీస్తున్నారు. ఘాటుకు తుమ్ము వచ్చింది. తుమ్ముతోపాటు నాలుగు చుక్కలు మూత్రం పడి చీర తడిసింది. పక్కవాళ్లు చూశారేమోనని ప్రాణం చచ్చినంత పనైంది. మీకెప్పుడైనా ఇలా జరిగిందా? నాకు జరిగింది. రెండో బిడ్డ పుట్టాక, ఆరు నెలల సెలవు ముగించుకుని బడికి వెళ్లాను. నల్లబల్ల తుడుస్తుంటే సుద్దపొడికి తుమ్మాను, అంతే. ఆ రోజు సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవలేదు. అది మొదలు బస్సెక్కాలంటే భయం, పెళ్లికి పోవాలంటే భయం, చివరకు నీళ్లు తాగాలన్నా భయం. మా అమ్మతో చెబితే "పిల్లల్ని కన్నవాళ్లకు ఇది మామూలే, ఓర్చుకో" అంది. మామూలే అన్నమాట నిజం. ప్రసవించిన ముగ్గురిలో సుమారు ఒకరికి ఈ ఇబ్బంది ఉంటుందని వైద్యులు చెబుతారు. కాని ఓర్చుకుంటూ కూర్చోవలసిన పని లేదు.

ఇది ఎందుకు వస్తుందో చూద్దాం. చీరతో ఊయల కడతాం కదా! మన కటి భాగంలో, ముందున్న ఎముక నుంచి వెనక వెన్నెముక కొస దాకా, కండరాలు అలాగే ఊయలలా కట్టి ఉంటాయి. మూత్రాశయం, గర్భసంచి, మలాశయం ఈ మూడూ ఆ ఊయల మీదే ఆనుకుని ఉంటాయి. మూత్రద్వారాన్ని బిగించి పట్టేది కూడా ఈ కండరాలే. తొమ్మిది నెలల బరువుకు, కాన్పులో సాగినందుకు అవి వదులవుతాయి. దగ్గినా తుమ్మినా, బిందె ఎత్తినా పొట్టలోని ఒత్తిడి కిందికి తోస్తుంది. వదులైన కండరం ఆపలేదు. ఆపరేషను కాన్పయిన వారికీ ఇది రావచ్చు, ఎందుకంటే మోసిన బరువు ఒకటే కదా.

కండరం వదులైతే పని చెప్పి గట్టిపరచవచ్చు. అమెరికాలో ఆర్నాల్డ్ కెగెల్ అనే స్త్రీల వైద్యుడు 1948లో ఇందుకు ఒక వ్యాయామం గురించి రాశారు. దానికి పైసా ఖర్చు లేదు. నలుగురిలో ఉన్నప్పుడు వాయువు బయటకు పోకుండా ఎలా బిగబడతాం? అలాగే బిగించండి. దాంతోపాటు మూత్రాన్ని ఆపుకున్నట్టుగా ముందు భాగాన్నీ పైకి లాగండి. మూడు అంకెలు లెక్కపెట్టేదాకా పట్టి ఉంచి, వదలండి. మళ్లీ మూడు అంకెలు విశ్రాంతి. ఇలా పదిసార్లు. ఆ తరువాత గబగబా బిగించి వదలడం మరో పదిసార్లు. రోజుకు మూడు పూటలు చేయాలి. అలవాటైన కొద్దీ మూడును అయిదుకు, అయిదును పదికి పెంచుకోండి. ఊపిరి బిగబట్టకూడదు. తొడలు, పిరుదులు బిగించకూడదు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి ఈ వ్యాయామం చేయకూడదు. ఇంకొక కిటుకు: తుమ్ము వస్తోందనగానే ముందే బిగించండి.

మామూలు కాన్పయితే నొప్పి తగ్గగానే మొదలుపెట్టవచ్చు. మూత్రపు గొట్టం వేసి ఉంటే అది తీసేదాకా ఆగండి. బిడ్డకు పాలిస్తూ చేయవచ్చు, అన్నం ఉడికేలోగా చేయవచ్చు. చూసేవారికి తెలియదు కూడా. వారంలో గుణం కనిపించలేదని మానకండి, కనీసం మూడు నెలలు పట్టుదలగా చేయాలి.

అత్తగార్లకు ఒక మనవి. పచ్చి బాలింత నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందని దాహానికి నీళ్లివ్వకుండా ఉంచకండి. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మంట పుడుతుంది, మలబద్ధకం వస్తుంది. ముక్కితే ఆ కండరాలకు ఇంకా దెబ్బ. పొట్టకు గుడ్డ మరీ బిగించి కడితే ఒత్తిడంతా కిందికే పోతుంది. కొన్ని వారాలు నిండు బిందెలు, బియ్యం మూటలు ఇంకొకరు ఎత్తండి.

కొన్ని లక్షణాలుంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. రాత్రీ పగలూ మూత్రం కారుతూనే ఉండడం, మూత్రం అసలు రాకపోవడం, మంట, జ్వరం, కింద ఏదో జారినట్టు ఉండడం, మలం ఆపుకోలేకపోవడం. మూడు నెలలు వ్యాయామం చేసినా తగ్గకపోతే కూడా వెళ్లండి. చికిత్సలున్నాయి. కేవలం తుమ్మితే మూత్రం పడుతోందని గర్భసంచి తీయించుకోకండి. దాన్ని తీసేసినంత మాత్రాన ఈ కండరాలు గట్టిపడవు.

నేను మొదటిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు నోరు పెగల్లేదు. రెండు భాషలూ పిల్లలకు నేర్పేదాన్ని, ఏ భాషలోనూ ఈ మాట చెప్పలేకపోయాను. "నడుము నొప్పి" అని చెప్పి మాత్రలు తెచ్చుకున్నాను. ఆ పొరపాటు మీరు చేయకండి. కన్నడంలో ఇంత చాలు: "కెమ్మిదరె, సీనిదరె మూత్ర సోరుత్తె." దగ్గినా తుమ్మినా మూత్రం కారుతోందని అర్థం. కాన్పయిన 42 రోజుల లోపల ఆశా కార్యకర్త బిడ్డను చూడడానికి చాలాసార్లు మీ ఇంటికే వస్తుంది. బిడ్డ బరువు చూసి వెళ్లిపోయేలోపు ఈ ఒక్క మాట ఆమె చెవిన వేయండి.

నేను అయిదో నెలలో నిర్భయంగా తుమ్మాను. మీరూ తుమ్ముతారు. ఈ రాత్రి అన్నం ఉడికేలోగా మొదటి పది బిగింపులు పూర్తి చేయండి. సెలవు.