జెల్లీఫిష్ విషం: మూలం ఒకటే, రూపాలు అనేకం

కోరలు, పళ్ళు, ఎముకలు లేని ఒక జీవి మనిషి ప్రాణాన్ని కొద్ది నిమిషాలలోనే హరించగలదు. ఆస్ట్రేలియా ఉత్తర తీర జలాలలో సంచరించే 'కైరోనెక్స్ ఫ్లెకరై' అనే బాక్స్ జెల్లీఫిష్ ఇందుకు నిదర్శనం. అదే వంశానికి చెందిన అనేక జీవులు తాకినా మనిషికి స్వల్పమైన దురద తప్ప మరే హానీ కలగదు. ఈ వ్యత్యాసానికి కారణం ఆ జీవుల విషం పరిణామం చెందిన తీరులోనే ఉంది. తీర ప్రాంతాలలో ప్రథమ చికిత్స చేసేవారికి కూడా ఈ విషయంపై అవగాహన అవసరం.

అతి ప్రాచీన విషజీవులు

జెల్లీఫిష్‌లు, సముద్ర అనిమోన్లు, పగడపు జీవులు, మంచినీటి హైడ్రాలు 'నిడేరియా' అనే జంతు వర్గానికి చెందినవి. ఈ వర్గంలో 10 వేలకు పైగా జాతులు ఉన్నాయి. విషాన్ని ప్రయోగించే దంశకణాలు వీటన్నింటికీ ఉమ్మడి లక్షణం. నేడు జీవించి ఉన్న విషజంతు వర్గాలలో ఇదే అత్యంత ప్రాచీనమైనది. దీని చరిత్ర 50 కోట్ల సంవత్సరాలకు పైబడినది. పాములు అవతరించడానికి ఎంతో ముందే ఈ జీవులు విషాన్ని ఆయుధంగా మలచుకున్నాయి. చేపలలో పరాన్నజీవులుగా బ్రతికే 'మిక్సోజోవా' అనే సూక్ష్మజీవులు కూడా ఈ వంశానివే. అవి తమ దంశకణాల వంటి నిర్మాణాలను ఆతిథేయి శరీరాన్ని అంటిపెట్టుకొనేందుకు వినియోగించుకుంటాయి.

దంశకణం పనిచేసే విధానం

ప్రతి దంశకణంలోను విషంతో నిండిన ఒక సూక్ష్మ గుళిక, అందులో చుట్ట చుట్టుకొని ఉన్న బోలు దారం ఉంటాయి. గుళిక లోపలి పీడనం వాతావరణ పీడనానికి సుమారు 150 రెట్లు ఉంటుంది. ఎర స్పర్శ, దాని శరీర రసాయనాలు తగలగానే ఆ దారం బయటికి దూసుకువచ్చి చర్మంలో దిగుతుంది. హైడ్రాపై జరిపిన పరిశోధనల ఫలితాలు 2006లో వెలువడ్డాయి. వాటి ప్రకారం ఈ చర్యలోని కీలక ఘట్టం సెకనులో పది లక్షల వంతు కన్నా తక్కువ కాలంలో, అంటే 700 నానోసెకన్లలోనే ముగుస్తుంది. ఇందుకు నాడీ వ్యవస్థ ఆజ్ఞ తప్పనిసరి కాదు. అందువల్లనే ఒడ్డుకు కొట్టుకువచ్చి మరణించిన జెల్లీఫిష్, వలలో తెగిపడిన దాని పోగు కూడా మనిషిని కుట్టగలవు.

విషంలో వైవిధ్యం

ప్రయోగించే సాధనం ఒకటే అయినా అందులోని విషం అన్ని జాతులలో ఒకే రకంగా ఉండదు. సముద్ర అనిమోన్ల విషంలో నాడులపై పనిచేసే చిన్న ప్రోటీన్లు అధికం. ఇవి నాడీకణాలలోని సోడియం, పొటాషియం మార్గాలను అదుపు తప్పించి ఎరను నిశ్చేష్టం చేస్తాయి. జెల్లీఫిష్‌ల విషంలో కణ త్వచాలకు రంధ్రాలు చేసే పెద్ద ప్రోటీన్లదే ప్రాధాన్యం. బాక్స్ జెల్లీఫిష్‌లోని ఇటువంటి ప్రోటీన్ల నిర్మాణానికి, పురుగుల నివారణకై బీటీ పత్తిలో ప్రవేశపెట్టిన బాక్టీరియా ప్రోటీన్ల నిర్మాణానికి పోలిక ఉన్నట్లు విశ్లేషణలు సూచించడం గమనార్హం.

పరిణామ క్రమం

శరీరంలో సాధారణ విధులు నిర్వర్తించే ప్రోటీన్లే కాలక్రమేణా విషాలుగా రూపాంతరం చెందాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. కొవ్వు పదార్థాలను విడగొట్టే 'ఫాస్ఫోలైపేజ్' ఎంజైములు ఇందుకు ఉదాహరణ. పాములు కూడా ఇదే తరహా ఎంజైములను స్వతంత్రంగా విషంలోకి చేర్చుకున్నాయి. అనిమోన్లలో సోడియం, పొటాషియం మార్గాలపై పనిచేసే కొన్ని విషాలు ఒకే పూర్వ రూపం నుండి చీలినవని 2015లో ప్రచురితమైన అధ్యయనం పేర్కొన్నది.

జీవితదశను బట్టి కూడా విషం మారుతుంది. 'నెమటోస్టెల్లా' అనే చిన్న అనిమోన్‌లో గుడ్డు, డింభకం, ప్రౌఢ దశలలో వేర్వేరు విషాలు ఉంటాయని 2018లో వెల్లడైంది. తల్లి తన గుడ్లలో నిక్షిప్తం చేసే విషం వాటిని చేపల బారి నుండి కాపాడుతుంది. తలక్రిందులుగా జీవించే 'కాసియోపియా' జెల్లీఫిష్ దంశకణాలతో కూడిన సూక్ష్మ ముద్దలను జిగురుతో పాటు నీటిలోకి వదులుతుందని 2020లో తెలిసింది. తాకకుండానే ఈతగాళ్ళకు మంట పుట్టడానికి ఇదే కారణం.

వైద్యశాస్త్రానికి మేలు

ఈ విషాలపై జరిగిన ప్రయోగాలు వైద్యరంగానికి ఎంతో మేలు చేకూర్చాయి. అనిమోన్ విషంతో ప్రయోగాలు చేస్తూ ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు షార్ల్ రిషే, పాల్ పోర్టియే 1902లో 'అనాఫిలాక్సిస్' అనే తీవ్రమైన అలర్జీ స్థితిని కనుగొన్నారు. ఈ కృషికి రిషే 1913లో నోబెల్ బహుమతి పొందారు. కరీబియన్ ప్రాంతపు అనిమోన్ నుండి లభించిన ఒక విషం ఆధారంగా రూపొందించిన ఔషధాన్ని సోరియాసిస్ రోగులపై పరీక్షించారు.

ఒకే చికిత్స అన్నింటికీ వర్తించదు

విషంలోని ఈ వైవిధ్యం వల్లనే చికిత్స కూడా జాతిని బట్టి మారుతుంది. కైరోనెక్స్ విషానికి విరుగుడు మందు ఆస్ట్రేలియాలో 1970లో అందుబాటులోకి వచ్చింది. అయితే దానికి బంధువైన, గొడుగు భాగం ఒక సెంటీమీటరు మాత్రమే ఉండే ఇరుకాంజీ జెల్లీఫిష్ విషానికి ఆ మందు పనిచేయదు. ఇది కుట్టిన సుమారు అరగంట తరువాత తీవ్రమైన నడుము నొప్పి, రక్తపోటు మొదలవుతాయి. ఈ లక్షణాలకు ఆ జీవే కారణమని డాక్టర్ జాక్ బార్న్స్ 1961లో తన శరీరంపైనే కుట్టించుకొని నిరూపించారు.

బాక్స్ జెల్లీఫిష్ కుట్టినచోట వెనిగర్ పోస్తే చర్మంపై మిగిలిన దంశకణాలు పేలకుండా నిలుస్తాయి. వర్షాకాలంలో భారత తీరాలకు కొట్టుకువచ్చే 'బ్లూ బాటిల్' విషయంలో ఆస్ట్రేలియా మార్గదర్శకాలు వెనిగర్‌ను సూచించవు. సముద్రపు నీటితో కడిగి, చర్మం కాలకుండా భరించగల వేడినీటిలో 20 నిమిషాలు ఉంచాలని అవి సూచిస్తున్నాయి.

కుట్టిన చోటును రుద్దరాదు. ఊపిరి అందకపోయినా, గుండె కొట్టుకోవడంలో తేడా కనిపించినా బాధితుని తక్షణం ఆసుపత్రికి తరలించాలి. ఒడ్డున పడి ఉన్న జెల్లీఫిష్‌లను, అవి మరణించినవిగా కనిపించినప్పటికీ, పిల్లలు ముట్టుకోకుండా పెద్దలు జాగ్రత్త వహించాలి.