ఫలితం తెలిసిన పరీక్ష

2025 సెప్టెంబరులో వచ్చిన 'లిటిల్ హార్ట్స్'లో పెద్ద స్టార్ లేడు. ఎంసెట్‌లో ర్యాంకు రాక లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరిన కుర్రాడు, అక్కడ పరిచయమైన అమ్మాయి... కథంతా అదే. ఆ వయసు పిల్లలు ఎగబడి చూశారంటే వింత లేదు. కానీ హైదరాబాద్ మియాపూర్‌లో హోంలోన్ కడుతూ, రోజూ హైటెక్ సిటీకి వెళ్లొచ్చే నలభై ఏళ్ల ఉద్యోగి కూడా చూసి నవ్వాడంటే, ఆయనకు ఈ కథతో ఏం పని? 2024 జనవరిలో 'నైంటీస్' సిరీస్‌లో లెక్కల మాస్టారు చేతిలో ప్రోగ్రెస్ కార్డు చూసి నవ్వింది కూడా ఎక్కువగా ఈ తరమే. అదే ఏడు కాలేజీ స్నేహాల 'హ్యాపీ డేస్' దాదాపు పదిహేడేళ్ల తర్వాత మళ్లీ థియేటర్లకొచ్చింది.

'పాత రోజుల మీద బెంగ' అనేయడం తేలిక. పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల లోపు సంగతులే మనిషికి ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ పరిశోధకులూ చెబుతారు. గుర్తుండటం వేరు, మళ్లీ కావాలనుకోవడం వేరు. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో తెల్లవారుజాము స్టడీ అవర్లు, వారం వారం టెస్టులు, మార్కులు తగ్గితే సెక్షన్ మార్పు: ఇంటర్ అంటే ఇదే అయిన తరం దాన్ని మళ్లీ కోరుకుంటుందా? కోరుకోదు. వాళ్లకు నచ్చేది ఆ కాలం కాదు, దాని ఫలితం ముందే తెలిసి ఉండటం. ర్యాంకు రాకపోతే బతుకే లేదని తెరమీద కుర్రాడు వణుకుతుంటే, బతుకు ఉంటుందని సీట్లో కూర్చున్నవాడికి తెలుసు. అప్పుడు నవ్వలేకపోయిన భయానికి ఇప్పుడు తీరిగ్గా నవ్వుతున్నాడు.

'హ్యాపీ డేస్'లో ఎంసెట్ గొడవే లేదు కదా, అది స్నేహాల మీద మమకారమేగా అనొచ్చు. కొంతవరకు నిజమే. కానీ ర్యాగింగ్ భయం, చెప్పుకోలేని ప్రేమ, అలిగిన స్నేహితుడు కూడా ఆ వయసుకు ప్రళయాలే. అవి గండాలు కావని తెలిసినవాడే వాటిని హాయిగా చూడగలడు. ఉత్త జ్ఞాపకమే చాలనుకుంటే, పదో తరగతి ప్రేమను పెద్దయ్యాక తవ్వి తీసిన 'జాను' 2020లో ఇంకా బాగా ఆడాల్సింది. దాని తమిళ మూలం '96'ను చాలామంది అప్పటికే చూసేయడం దెబ్బతీసి ఉండొచ్చు. అయినా అందులో గాయం మానలేదు, నవ్వుకు చోటు తక్కువ. ఇంకో అభ్యంతరం బలమైనది: ర్యాంకుతో నిజంగానే బతుకు తలకిందులైనవాళ్లు లేరా? ఉన్నారు. సైబరాబాద్ మల్టీప్లెక్సులు ఎక్కువగా గట్టెక్కినవాళ్లతో నిండుతాయి. ఈ నవ్వులో ఆ వెసులుబాటు ఉందని ఒప్పుకోవాల్సిందే.

మరి అంత నవ్విన తండ్రే ఆరో తరగతి కొడుకును ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్పిస్తాడేం? దీన్ని కపటమనడం తొందరపాటు. తెలంగాణలో ఎంసెట్ 2024లో ఈఏపీసెట్ అయింది, భయం మాత్రం పేరు మార్చుకోలేదు. తన పరీక్ష ఫలితం ఆయనకు తెలుసు. కొడుకుది ఇంకా రాలేదు.